తమ్ముడి ఫైలు లావుగా ఉంది

నాకు కోపం ఎక్కువని పుట్టింట్లో అంటారు, అత్తింట్లోనూ అంటారు. అననీండి. ముప్పై నాలుగేళ్లొచ్చాక కొత్తగా శాంతం ఎక్కడినుంచి తెచ్చుకోను? నిజానికి ఇది నేను రాయడం లేదు, చెబుతున్నాను. ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడితే అక్షరాలు అవే పడతాయి. తప్పులుంటే సాయంత్రం మా ఆయన చదివి దిద్దుతాడు. నా ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. కుడి కన్ను నిరుడు సగం పోయింది. ఎడమ కన్ను జబ్బు వల్ల పోయింది, దానికి నేను ఎవరినీ ఏమీ అనను. కుడి కంటిని మాత్రం నన్ను కన్నవాళ్లూ, నా వెనక పుట్టినవాడూ కలిసి పోగొట్టారు.

మాది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు, ఒకదాని మీద నాయన, ఇంకోదాని మీద అమ్మ. నేను రెండో తరగతి చదివేటప్పుడు ఒక ఆదివారం గడప మీద కూర్చుని, కుడి కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, "అమ్మా, ఈ కంటితో చూస్తే నువ్వు లేవు" అన్నాను. ఏదో ఆట అనుకుని అమ్మ నవ్వింది. నాయన నవ్వలేదు. మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, తన చేత్తో నా కుడి కన్ను మూసి, వేళ్లు ఎన్ని అని అడిగాడు. రెండన్నాను. కాదన్నాడు. నాలుగన్నాను. కాదన్నాడు.

ధర్మవరంలో చూసిన డాక్టరు బెంగళూరుకు పొమ్మన్నాడు. అక్కడ పెద్ద కంటాసుపత్రిలో రెండు రోజులు చూసి జబ్బు పేరు చెప్పారు. గజం పొడవు ఇంగ్లీషు పేరు. నాయనకు నోరు తిరగలేదు, నాకు ఇప్పటికీ తిరగదు. సంగతి మాత్రం ఇది. కంటి వెనక రెటీనా అని ఒక పలచటి తెర ఉంటుంది. బిడ్డ కడుపులో ఉండగానే ఆ తెర అంచుల దాకా సన్నటి రక్తనాళాలు పాకాలి. కొందరు పిల్లలకు అవి దారిలోనే ఆగిపోతాయి. అవి చేరని చోట తెర బలహీనపడుతుంది, ముడుచుకుంటుంది, ఎప్పుడైనా ఊడి రావచ్చు. నా ఎడమ కంట్లో అప్పటికే ఊడిపోయింది. కుడి కంట్లో అంచుల్లో లోపం ఉంది గానీ చూపు నిక్షేపంగా ఉంది. దాని చుట్టూ లేజరు పెట్టి, ఆరు నెలలకోసారి చూపించమన్నారు.

ఇంటికొచ్చాక నాయన అమ్మకు చెప్పిన తీరు నాకు గుర్తే. "అంచు సరిగ్గా పడని చీర అనుకో. ఎప్పుడు యాడ పోగు లేస్తాదో చెప్పలేము. చూసుకుంటానే ఉండల్ల" అన్నాడు. ఎంత బాగా చెప్పాడో చూడండి. మా నాయనకు విషయం అర్థం కాలేదని ఎవరూ అనడానికి లేదు.

ఒక ఇంట్లో ఒకరికి ఉంటే తక్కినవాళ్లకూ ఉండొచ్చని, రెండోసారి పోయినప్పుడు ఇంటిల్లిపాదినీ రమ్మన్నారు. అమ్మ, నాయన, రెండేళ్ల తమ్ముడు, అందరి కళ్లలోనూ చుక్కలు వేసి చూశారు. తమ్ముడు ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చాడు. బయటికొచ్చాక నాయన, ముగ్గురికీ ఏమీ లేదన్నారని చెప్పాడు. అమ్మ అక్కడే వరండాలో నిలబడి కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. నేను నమ్మాను. ఏడేళ్ల పిల్ల నమ్మక ఏం చేస్తుంది?

అక్కడినుంచి తొమ్మిదేళ్లు నేనూ నాయనా బెంగళూరు రైల్లో తిరిగాం. మొదట ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి. ఆ చుక్కలు వేస్తే కళ్లు భగ్గున మండుతాయి. నల్లగుడ్డు పెద్దదైపోయి, ఎండ చూస్తే సూదులు గుచ్చినట్టు ఉంటుంది, దగ్గరున్న అక్షరం అలికినట్టు కనపడుతుంది. సాయంత్రం దాకా అదే గతి. తిరుగు ప్రయాణంలో నాయన తన తువ్వాలు నా తల మీద ముసుగేసి, కిటికీలోంచి తను చూసేవన్నీ నాకు చెప్పేవాడు. హిందూపురం వచ్చెనమ్మా, పట్టుగూళ్ల మూటలు దించుతాండారు. పెనుకొండ వచ్చె, కొండ మీద మబ్బు ఉండాది. ముసుగులోంచి నేను వాసన చూసి స్టేషను పేరు చెబితే మురిసిపోయేవాడు. ఒకరోజు మగ్గం ఆగితే ఇంట్లో ఎంత ఇబ్బందో నాకు తెలుసు. అయినా ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ రోజుల్లో మా నాయనంటే నాకు దేవుడే.

పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం మళ్లీ పోయాం. చుక్కలు వేయించుకుని నేను చీకటి గది బయట బల్ల మీద కళ్లు మూసుకుని కూర్చున్నాను. డాక్టరు నన్ను చూసి పంపేసి, నాయనను ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు. చాలాసేపు మాట్లాడారు. నాయన బయటికొచ్చి తువ్వాలు నా తల మీద కప్పాడు. రైలు హిందూపురం దాటాక, ముసుగు మీదనుంచే నా తల నిమిరి, "అయిపోయిందమ్మా. ఇంక రావద్దన్న్యాడు డాక్టరు. కన్ను గట్టిపడిపోయిందంట" అన్నాడు.

పెనుకొండలో దిగి మా మేనత్త ఇంటికి పోయాం. ఆ మాట వినగానే అత్త పప్పూ బెల్లమూ ఉడకేసి ఓళిగలు చేసింది. వీధిలో ఇద్దరు ముగ్గుర్ని పిలిచి మరీ పెట్టింది. నేను ముసుగు తీసేసి, కళ్లు చికిలిస్తూ, నెయ్యి కారే ఓళిగలు నాలుగు తిన్నాను. ఇంక చుక్కలు లేవు, ఎండకు భయపడక్కరలేదు, నేనూ అందరు పిల్లల్లాంటిదాన్నే అనుకున్నాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో నాకు చెప్పాల్సిన పని లేదు. ఓళిగలు పెట్టి మరీ కోశారు.

నాకు ఇరవై మూడేళ్లప్పుడు హిందూపురం సంబంధం వచ్చింది. పిల్లవాడు పట్టుగూళ్ల మార్కెట్లో గుమస్తా. వాళ్లదీ ఒకప్పుడు మగ్గాల ఇల్లే. రెండు ఊళ్లకూ మధ్యలో ఉంటుందని పెనుకొండలో అత్త ఇంట్లోనే పెళ్లిచూపులు పెట్టారు. పిల్లవాడి అవ్వ సంచిలో పట్టుపోగుల చుట్ట ఒకటి, బూడిద పొట్లం ఒకటి తెచ్చుకుంది. మగ్గం మీద పాత పడుగు అయిపోతే కొత్త పడుగును పోగుకు పోగు అతికించాలి. వేళ్లకు బూడిద రాసుకుని, రెండు కొసలూ కలిపి మెలేస్తే నిలబడాలి. పిల్లను చూడటానికి పోతే ఆ అవ్వ పాటలు పాడించదు, పోగులతికిస్తుంది. పిల్ల కళ్లూ వేళ్లూ ఓపికా ఒక్క దెబ్బతో తెలిసిపోతాయని ఆమె లెక్క.

నేను ముప్పై పోగులు అతికించాను. ఒక్కటీ ఊడలేదు. నిజం చెప్పాలంటే ఆ పనికి కళ్లు సగమే కావాలి, తక్కినదంతా వేళ్లే చూసుకుంటాయి. అవ్వ ఒక్కొక్కటీ లాగి చూసి తలాడించింది. ఎడమ కన్ను సంగతి వాళ్లకు ముందే చెప్పారు, చూస్తేనే తెలిసిపోతుంది కదా. అవ్వ అడిగింది ఒక్కటే. "ఆ రెండో కంటికేమన్నా ఉండాదా మే? ఇంకా ఆస్పత్రులకు పోతాండావా?" నేను తలెత్తి, "లేదవ్వా, గట్టిపడిపోయింది, ఇంక రావద్దన్నారు" అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకుని అన్నాను. నాయన గోడకానుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. కూతురు పరాయి ఇంటికి పోతోందని దిగులనుకున్నాను.

పెళ్లై హిందూపురం వచ్చాను. చీర కొంగులకు కుచ్చులు వేసే పని పట్టుకున్నాను. పట్టుదారాలు పాయలు తీసి, పూసలు ఎక్కించి, వరసగా ముడులు వేయాలి. వాకిట్లో వెలుతురు బాగుంటుంది, పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి రెండు చీరలు లేచేవి. నాలుగేళ్లకు పాప పుట్టింది. నా కన్ను నాకు అన్నం పెడుతోందని అందరితో చెప్పుకునేదాన్ని.

నా పెళ్లికి ముందునుంచే ఏటా ఎండలు ముదరకముందు మా నాయన, తమ్ముడు పట్టు కొనడానికి బెంగళూరు పోయేవాళ్లు. నాకు అలా చెప్పారు. నేను ఇక్కడికి వచ్చాక, తిరుగు దారిలో హిందూపురంలో దిగి మా ఇంట్లో అన్నం తిని పోయేవాళ్లు. తమ్ముడు పెద్దవాడయ్యాక ఒక్కడే వచ్చేవాడు. నల్లద్దాలు పెట్టుకుని వచ్చేవాడు, ఇంట్లోకొచ్చినా తీసేవాడు కాదు. వాకిట్లో మంచం వేస్తే వద్దని లోపలి గదిలో కూర్చునేవాడు. తలనొప్పి అక్కా, బస్సులో నిద్ర లేదు అనేవాడు. ఒకసారి మా ఆయన ఫోనులో ఏదో బొమ్మ చూపిస్తే చెయ్యంత దూరం పట్టుకుని, తర్వాత చూస్తా బావా అని ఇచ్చేశాడు. నేను సంగటి చేసి, పప్పు చేసి, కొసరి కొసరి పెట్టేదాన్ని. నుదుటికి అమృతాంజనం కూడా రాశాను ఒకసారి.

ఇంకా చెప్పాలా? ఆ చుక్కలు తొమ్మిదేళ్లు నా కళ్లలో పడ్డాయి. వాటి మంట, వాటి మసక నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? వాడు ఆ చుక్కలు కంట్లో పెట్టుకుని నా ఇంట్లో, నా ముందర కూర్చుని, నా చేతి కూడు తిని పోయాడు. పదేళ్లు. నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. తమ్ముణ్ణి అనుమానంగా చూడాలని ఎవరికి తోస్తుంది?

నిరుడు వానాకాలం మొదట్లో కుడి కంట్లో మసి రేణువులు తేలడం మొదలైంది. పొగ చూరిన గుడ్డ దులిపినట్టు. కుచ్చుల పని ఎక్కువై కన్ను అలిసిందనుకుని రెండు రోజులు పని మానేశాను. తర్వాత పైనుంచి ఒక నీడ దిగింది. గుమ్మంలో నిలబడిన మా ఆయన నాకు నడుము దాకానే కనిపించాడు, తల లేదు. అప్పటికీ నాకు పాత జబ్బు గుర్తురాలేదు, గట్టిపడిపోయింది కదా మరి. హిందూపురంలో కళ్లద్దాల డాక్టరు చూసి, ఈ పూటే బెంగళూరు పొమ్మన్నాడు.

మా ఆయన నన్ను ఆ పాత ఆసుపత్రికే తీసుకుపోయాడు. నా చిన్ననాటి ఫైలు ఉంటుందేమోనని ఊరూ పేరూ నాయన పేరూ చెప్పాం. ఒక గంటకు రికార్డుల ఆమె రెండు ఫైళ్లు తెచ్చింది. ఒకే తాడుతో కట్టి ఉన్నాయి. ఒక ఇంటి పిల్లలవి కలిపి పెట్టాలని పాత డాక్టరు రాసి పెట్టాడట. ఒకటి పలచగా ఉంది, అది నాది. రెండోది ఇటుకంత లావు. పెద్దావిడ డాక్టరమ్మ రెండూ తిప్పి చూసి, "మీ తమ్ముడు మార్చిలో వచ్చాడు కదా, మీరెందుకమ్మా పదిహేడేళ్లుగా రాలేదు?" అంది.

మా తమ్ముడికి ఏ జబ్బూ లేదండీ అన్నాను. ఆమె మా ఆయన ముఖం చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. తమ్ముడికి రెండేళ్ల వయసులోనే రెండు కళ్లలోనూ ఉన్నట్టు తేలింది. మా నాయనకూ ఉంది, అంచుల్లో, చూపుకు ఇబ్బంది లేనంత. ఆయన్నుంచే మా ఇద్దరికీ వచ్చింది. తమ్ముడు ఏటా వచ్చాడు, రెండుసార్లు మొదట్లోనే పట్టుకుని లేజరు పెట్టారు, వాడి చూపు చక్కగా ఉంది. నా ఫైలు చివరి కాగితం మా ఆయన చదివి వినిపించాడు. ఈ బిడ్డను జీవితాంతం ఏటా చూపించాలి, మానితే ఉన్న కన్ను పోయే ప్రమాదం ఉంది, తండ్రికి వివరించాం. కింద నాయన సంతకం, తెలుగులో. చీర మీద పేరు నేసినంత గుండ్రంగా రాస్తాడు మా నాయన.

రెండేళ్ల ముందు వచ్చి ఉంటే లేజరుతో సరిపోయేదన్నారు. ఇప్పుడు తెర ఊడింది, ఆపరేషను తప్పదన్నారు. చేశారు. కింద సగం చూపు నిలిచింది, పైన సగం రాలేదు. కంట్లో నింపిన గాలి తెరను అదిమి పట్టాలంటే రెండు వారాలు రాత్రీ పగలూ తల దించుకునే ఉండాలి. హిందూపురంలో మా ఇంట్లో బల్ల అంచున మడిచిన దుప్పటి పెట్టి, దాని మీద నుదురు ఆనించి కూర్చునేదాన్ని. నా ముఖం చూడాలంటే పాప బల్ల కిందికి దూరేది. అక్కడే పలకా బలపమూ పెట్టుకుని కూర్చునేది.

నాలుగో రోజు అమ్మా నాయనా తమ్ముడూ వచ్చారు. బత్తాయిలు తెచ్చారు. ఏం రాతమ్మా నీది అని అమ్మ ఏడుపందుకుంది. నేను తల ఎత్తకుండానే, "నాయనా, నా ఫైలు చూసినా. నీ సంతకం ఉండాది" అన్నాను.

అమ్మ ఏడుపు ఆగిపోయింది. నాయన నోరు విప్పాడు.

"నీకు అబద్ధమాడేది రాదు తల్లీ. చిన్నప్పటి నుంచీ అంతే. ఎవురన్నా అడిగితే ఉండేది ఉండేట్ల చెప్పేస్తావు. బాగయిందని నువ్వు నమ్మితేనే కదా, ఆ మాట నీ నోట్లోంచి వచ్చేది."

అదీ సంగతి. ఇంటికి చెడ్డపేరొస్తుంది, సంబంధాలు రావు, ధర్మవరం నుంచి ఆ రైల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు తెలిసినవాళ్లుంటారు. వాళ్లు అబద్ధం చెప్పగలరు, నేను చెప్పలేను. కాబట్టి ముందు నాకే చెప్పారు. ఆ అవ్వ ముందర నేను గుండె మీద చెయ్యి వేసుకుని అన్న మాట కోసం నన్ను ఏడేళ్ల ముందునుంచే తయారు చేశారు. అమ్మ మధ్యలో అందుకుంది. నా నోట్లో నువ్వుగింజ నానదట. పెండ్లయినాక చెబుదామనుకున్నారట. పెండ్లయినాక, కాపురం కుదురుకోనీ అనుకున్నారట. అంతలో కడుపుతో ఉన్నానట. తర్వాత బాలింతనట. తర్వాత, ఇన్నేండ్లు ఏమీ కాలేదు కదా, ఇంకేమవుతుందిలే అనుకున్నారట. ఎంత బాగా అనుకున్నారో.

నువ్వేమంటావురా అని తమ్ముణ్ణి అడిగాను. వాడు బల్ల పక్కన కింద కూర్చున్నాడు, వాడి మోకాళ్లు నాకు కనిపిస్తున్నాయి.

"నాయన తన నెత్తిన నా చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్న్యాడక్కా. నాకు పదకొండేండ్లప్పుడు. చెప్తే నాయన సచ్చిపోతాడని..."

"నాయన బతకల్లని నా కన్ను ఇచ్చేసినావు కదరా" అన్నాను.

మా నాయన దుక్కలా ఉన్నాడు, ఇప్పటికీ రోజుకు ఎనిమిది గంటలు మగ్గం మీద కూర్చుంటాడు. వాడికి ఇరవై తొమ్మిదేళ్లు, బండి నడుపుతాడు, ఓటేస్తాడు, ఒట్టు తీసి గట్టున పెట్టడం మాత్రం రాలేదు.

అప్పుడు అడగాల్సింది అడిగాను. నా కన్ను పోతే పోయింది. పాప మాటేమిటి? నా నుంచి పాపకూ రావచ్చని నాయనకు తెలుసు, తమ్ముడికి తెలుసు, ఆ ఆసుపత్రిలో వాడికి ఏటా చెబుతూనే ఉన్నారు. ఈ ఇంటికి వచ్చి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడించి పోయారు. ఆరేళ్లలో ఒక్కనాడైనా దాన్ని చూపించమని ఎవరికీ నోరు రాలేదా? బల్ల కింద పాప బలపం ఆపి వింటోంది. వాళ్లు ఎప్పుడు లేచి వెళ్లారో నాకు తెలియదు, నేను తల ఎత్తలేదు. డాక్టరు ఎత్తమన్నా ఎత్తేదాన్ని కాదు.

మా ఆయన ఆ సాయంత్రం బత్తాయిలు వలుస్తూ ఒక మాటన్నాడు. నెలకు రెండుసార్లు మార్కెట్ పని మీద బెంగళూరు పోతానే, ఒక్క మాట చెప్పి ఉంటే నేనే తీసుకుపోయేవాణ్ణి కదా అన్నాడు. ముందే తెలిస్తే చేసుకునేవాడివా అని అడిగాను. తెలియదన్నాడు. ఉన్నమాట అన్నాడు, అందుకే నాకు ఆ మనిషి మీద కోపం రాదు.

కన్ను కుదుటపడ్డాక మొదటి పని పాపను తీసుకుపోవడం. ఎందుకు పోతున్నామో, చుక్కలు ఎలా మండుతాయో, డాక్టరమ్మ ఏం వెతుకుతుందో, అన్నీ ముందే చెప్పాను. ఏదీ దాచలేదు. మత్తిచ్చి చూశారు. రెండు కళ్లలోనూ అంచుల్లో ఉంది. ఇంకా ముదరలేదు. అప్పటికప్పుడే లేజరు పెట్టారు. ఆరు నెలలకోసారి తేవాలి, ఎన్నటికీ మానకూడదు అన్నారు. ఈసారి ఆ కాగితం కింద సంతకం నేను పెట్టాను. తిరుగు రైల్లో పాప తల మీద ముసుగేసి కూర్చున్నాను. అది కిటికీలో ఏం కనపడుతోందని అడిగింది. పైనున్నవి నాకూ కనపడవు. పట్టాల పక్కన రాళ్లూ ముళ్లకంపలూ చెప్పుకుంటూ వచ్చాను.

వారానికి నాయన ఒక్కడే వచ్చాడు. పిలిచేదాకా గడప లోపలికి రాలేదు. పాపను చూపించామని ఎవరో చెప్పినట్టున్నారు. నాకు ఆయన కాళ్లూ, పంచె అంచూ, పట్టుపోగులు కోసుకుపోయిన వేళ్లూ కనిపిస్తున్నాయి. తల పైకెత్తితే ముఖం కనపడుతుంది. ఎత్తలేదు.

"పాపకు ఏమన్న్యారమ్మా?" అన్నాడు.

"ఏమీ లేదంట నాయనా. రెండు కండ్లూ బాగుండాయంట" అన్నాను.

నా ఎరుకలో నేనాడిన మొదటి అబద్ధం అది. ఎందుకన్నానో అడిగితే చెబుతాను. నా బిడ్డ కళ్ల సంగతి తెలుసుకునే హక్కు ఆయనకు లేదనిపించింది. ఆయనను నిజం బయట నిలబెట్టాలనిపించింది, నన్ను నిలబెట్టినట్టు. ఆయన గడప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. వెంటనే నమ్మేశాడు, చెప్పింది నేను కదా. కదిరికి పోయి స్వామికి కొబ్బరికాయ కొడతానన్నాడు. పాపను దగ్గరికి తీసుకుని తల మీద ముద్దు పెట్టాడు. అన్నం పెడితే తిన్నాడు. మధ్యాహ్నం బండికి పోయాడు.

నాకు కసి తీరుతుందనుకున్నాను. తీరలేదు. గిన్నెలు ముందేసుకుని కూర్చుంటే చేతులు ఆడలేదు. పాప వచ్చి నా ఎదురుగా చతికిలబడింది.

"నాకు లేజరు పెట్టినారు కదమ్మా. బాగుండాయని చెప్తివే తాతకు?"

"తాతకు చెప్పొద్దు" అన్నాను. అంటూనే దాని చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతిని నా నెత్తి దాకా తీసుకుపోతున్న సంగతి సగం దారిలో తెలిసింది. దాని చెయ్యి చిన్నది, వెచ్చగా ఉంది, ఏం చెబితే అది చేయడానికి సిద్ధంగా ఉంది. వదిలేశాను.

"చెప్తే ఏమైతాదమ్మా?" అని అడిగింది.

"ఏమీ కాదు" అన్నాను.